తునికాకు గుర్తుపట్టిన వేళ్లు: మీడియన్ నరం తెగిన ఒక బీడీ కార్మికురాలి కేసు

హనుమకొండలో ఫిజియోథెరపిస్టుని. చేతి గాయాలతో వచ్చేవాళ్లనే ఎక్కువగా చూస్తాను. నరం తెగి, కుట్లు పడి వచ్చిన చేతులు నాకు కొత్త కాదు. ఈ ఒక్క కేసును వివరంగా రాయడానికి కారణం, ఇందులో నేను చేసిన రెండు పనులు మా వృత్తిలో చాలామందిమి అలవాటుగా చేసేవే. రెండూ ఫలితం ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో అర్థమయ్యాకే చెయ్యి దారికొచ్చింది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, ఊరు, ఇంటి సంగతులు మార్చాను.

నేపథ్యం

నలభై దాటిన మనిషి. కరీంనగర్ వైపు పల్లె. కుడిచేతి వాటం. పెళ్లి కాకముందు నుంచీ బీడీలు చేస్తోంది. ఒకరోజు కిటికీ అద్దం పగిలి కుడి మణికట్టు లోపలివైపు లోతుగా తెగింది. అదే రాత్రి ఆపరేషన్ చేసి మీడియన్ నరాన్ని, వేళ్లు మడిచే టెండన్లు మూడింటిని కుట్టారు. కొన్ని వారాలు పట్టీ, ఆ తర్వాత వేళ్ల కదలికలు. నా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషనై పద్నాలుగు వారాలైంది. గుప్పిట దాదాపు బిగుస్తోంది. ఆ గుప్పిట చూసి ఇంట్లో వాళ్లు చెయ్యి బాగైందనుకున్నారు. బీడీల చాట ముందు కూర్చున్నప్పుడే కాలేదని తెలిసింది.

బీడీ చేయడం దగ్గరగా చూడనివాళ్లకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. రాత్రి తునికాకు నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. పొద్దున రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. ఒడిలో చాట. ముక్క మీద చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య దొర్లించి చుడతారు. మూతి మడిచి దారం కడతారు. ఎంత తంబాకు పడిందో, చుట్ట బిగువుగా వచ్చిందో వదులైందో కన్ను చూడదు, వేలి కొస చెబుతుంది. ఆమె టీవీ చూస్తూ, పక్కింటామెతో మాట్లాడుతూ రోజుకు ఎనిమిది వందలు చేసేది. వదులుగా ఉన్నవాటిని కార్ఖానాలో పక్కకు తీసేస్తారు, వాటికి కూలి రాదు.

మీడియన్ నరం చూసుకునేది సరిగ్గా ఆ చోటునే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, వాటి కింద అరచెయ్యి దాని కిందివే. ఒక అరచేతి చర్మంలో, వేళ్లతో కలిపి, స్పర్శను పట్టే నరాల కొసలు సుమారు 17,000 ఉంటాయని లెక్క. అవి అన్నిటికంటే ఒత్తుగా ఉండేది వేలి కొసల్లోనే. చిన్నపాటి జారుడుని పట్టే మైస్నర్ కణికలు, అంచుల్నీ ఆకారాన్నీ పట్టే మెర్కెల్ కణాలు, కంపనాన్ని పట్టే పాసీనియన్ కణికలు అక్కడే ఉన్నాయి. ఆమె చేతిలో అవి చర్మంలోనే ఉన్నాయి, వాటి కబురు మోసే తీగ తెగింది.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమె కూర్చున్న తీరే మొదట కంట్లో పడింది. కుడిచేతిని దేనికీ ఆనించకుండా, అరచెయ్యి పైకి పెట్టి, నిండు గిన్నె మోస్తున్నట్టు పట్టుకుంది. "సీర కొంగు తాకితే కరెంటు కొట్టినట్టయితది మేడం" అంది. అరచెయ్యి అలా ఉంటే, వేలి కొసలకు ఏమీ తెలియదు. చూపుడువేలి మీద రొట్టె పెనం తగిలిన మచ్చలు రెండు. బొబ్బ లేచేదాకా ఆమెకు తెలియలేదు. "ఏళ్లు ఉన్నయో లేవో కండ్లతోని చూసుకోవాల్నాయె" అని చెప్పి, వెంట వచ్చిన కొడుకు వైపు చూసింది. ఒకే చెయ్యి ఒక దగ్గర మొద్దుబారి, ఇంకో దగ్గర మంట పుట్టడమేమిటో అతనికి అంతుబట్టలేదు.

తెగిన నరాన్ని కుట్టినంత మాత్రాన పాత తీగలు అతుక్కోవు. కుట్టుకు అవతలి భాగం చచ్చిపోతుంది, ఇవతలి నుంచి కొత్త మొలకలు పాత గొట్టంలోకి పాకుతాయి. మొదటి మూడు నాలుగు వారాలు పెద్దగా కదలిక ఉండదు. తర్వాత రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగుతాయి. నరం దారి పొడవునా వేలితో మెల్లగా తట్టుకుంటూ పోయాను. అరచేతి నడుమ తట్టినప్పుడు వేళ్లలోకి జివ్వుమంది. టినెల్ గుర్తు అదే. కుట్టు నుంచి అక్కడికి ఏడు సెంటీమీటర్లు, రోజుల లెక్క కూడా సరిపోయింది. అంటే నరం మొలిచి అరచేతి దాకా వచ్చింది, వేలి కొసకు ఇంకా రాలేదు. కరెంటు పుడుతున్నది ఆ కొత్త మొలకల దగ్గర. కొడుక్కి ఇదే చెప్పాను: మంట ఉన్న చోటు నరం వచ్చిన చోటు, మొద్దు ఉన్నది అది ఇంకా రావాల్సిన చోటు.

మోనోఫిలమెంట్లంటే చర్మం మీద వంగేదాకా నొక్కి స్పర్శను చూసే నైలాన్ పోగులు, సన్నటి నుంచి మందానికి ఆకుపచ్చ, నీలం, ఊదా, ఎరుపు రంగుల్లో ఉంటాయి. వాటితో చూస్తే అరచేతిలో ఊదారంగుది తెలిసింది. వేలి కొసల్లో ఎర్రదాంట్లో అన్నిటికంటే మందపాటిది వంగేదాకా నొక్కినా తెలియలేదు. షుగరు చూపించాను, లేదు. చర్మం మీద మచ్చలు, మోచేతి దగ్గర నరం లావెక్కిందా అని కూడా తడిమి చూశాను. మొద్దుబారిన చెయ్యి వస్తే, గాయం కళ్లెదుట ఉన్నా సరే, కుష్ఠు లేదని నా చేత్తో నేను తేల్చుకోకుండా ముందుకు పోను.

మొదటి నిర్ణయం, మొదటి పొరపాటు

కాలకుండా, తెగకుండా చూసుకోవడం అన్నిటికంటే ముందు. పొయ్యి దగ్గర ఎడమచెయ్యి, వేడి గిన్నెకు గుడ్డ, రాత్రి పడుకునే ముందు వేళ్లను దీపం వెలుగులో చూసుకోవడం. ఇవి మొదటి రోజే చెప్పాను.

తర్వాత వేళ్లా, అరచెయ్యా? అరచెయ్యే అనుకున్నాను. దేన్నీ తాకనివ్వని చేత్తో మనిషి ఏ పనీ చేయదు. పని చేయని చేతికి వేళ్లలోకి స్పర్శ వచ్చినా వాడకం ఉండదు. ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పింది పద్ధతి. రుద్దితే అలవాటవుతుందన్న లెక్కలో తువ్వాలుతో మొదలుపెట్టాను, నాలుగో రోజుకే గరుకు బ్రష్. నా చేత్తో నేనే రుద్దాను, పది నిమిషాలు. ఆమె పళ్లు బిగపట్టి ఓర్చుకుంది. అలా ఓర్చుకోవడాన్ని నేను మెరుగుదల అనుకున్నాను. రెండో వారం చివర చెయ్యి ఎర్రబడి, వాచి, రాత్రి నిద్ర లేకుండా పోయింది. ఆ తర్వాత ఆమె రెండు వారాలు రాలేదు.

ఎందుకలా అయింది? మామూలుగా తాకిడి మందపాటి తీగల్లో సెకనుకు 35 నుంచి 75 మీటర్ల వేగంతో పోతుంది. నొప్పి, వేడి సన్నటి తీగల్లో పోతాయి. వాటిలో అన్నిటికంటే సన్నటివాటి వేగం సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. రెండూ వెన్నుపాములో వేర్వేరు పొరలకు చేరతాయి. నరం తెగినప్పుడు వెన్నుపాములోని నొప్పి కణాలు ప్రతి చిన్నదానికీ ఉలిక్కిపడటం మొదలుపెడతాయి. అప్పుడు తాకిడి మోసే తీగ కబురు పంపినా వాటికి అది నొప్పిగానే వినిపిస్తుంది. దీన్నే అలోడీనియా అంటాం. అలాంటి చేతిని ఇంకొకరు, ఎప్పుడు ఆపుతారో తెలియకుండా, గరుకు బ్రష్‌తో రుద్దితే ఆ ఉలికిపాటు ఇంకా పెరుగుతుంది. మందపాటి తీగల్ని కదిలిస్తే, నొప్పి కబురును పైకి పోనిచ్చే వెన్నుపాములోని గేటు మూసుకుంటుందని 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన సూత్రాన్ని నేను తలకిందులుగా వాడాను. గేటు దగ్గరే గొడవ ఉన్న చోటికి ఇంకింత రద్దీని తోలాను.

ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పి, మళ్లీ రమ్మన్నాను. వచ్చింది.

రెండోసారి మూడు మార్చాను. తాకేది నేను కాదు, ఆమే. తన చేత్తో తాను తాకుకున్నప్పుడు ఏం రాబోతోందో మెదడుకు ముందే తెలుస్తుంది, ఆ తాకిడిని తగ్గించి లెక్కపెడుతుంది. మన చక్కిలిగిలి మనకు రాదు కదా, అది అందుకే. రెండోది, మంట నడిమధ్య నుంచి కాదు, బాగున్న ముంజేతి వైపు నుంచి అంచుకు వచ్చి ఆగడం. నిమురుడు కాదు, ఎడమ అరచెయ్యి ఆనించి నిలకడగా ఒత్తడం. మూడోది, మూడు నిమిషాలు, రోజుకు ఆరుసార్లు. మంట లేవకముందే ఆపాలి. వస్తువులు ఇంట్లోవే: పాత నూలు చీర ముక్క, తర్వాత తువ్వాలు, తర్వాత గిన్నెలో బియ్యం. ముంజేతి మీద మాత్రం కోడలితో మెల్లగా నిమిరించమన్నాను. వెంట్రుకలున్న చర్మంలో మెల్లని నిమురుడికే పలికే సన్నటి తీగలుంటాయి, సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగమైతే అవి బాగా స్పందిస్తాయి. అది హాయినిచ్చే స్పర్శ, అరచేతిలో దొరకదు. ఆరో నెల చివరికి కొంగు చేతికి చుట్టుకుని కూర్చుంది.

ఖాళీ ప్లాటు

అరచెయ్యి సద్దుమణిగేలోపు వేళ్లను వదిలేయలేదు. నరం ఇంకా రాని వేళ్లకు ఏం చికిత్స అని తోటి ఫిజియో ఒకరు అడిగారు. వేళ్లకు కాదు, వేళ్ల తాలూకు మెదడుకు.

చర్మం మీది ప్రతి చోటుకూ మెదడు పైపొరలో ఒక జాగా ఉంది. 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ ఆ పటాన్ని ప్రచురించారు. అందులో వేళ్లదీ పెదవులదీ చాలా పెద్ద వాటా. 1980ల్లో మెర్జెనిచ్ బృందం కోతుల్లో మీడియన్ నరం తెంపి చూస్తే, ఆ వేళ్ల జాగా ఖాళీగా లేదు. పక్క చర్మాల తాలూకు తాకిడి అందులోకి వచ్చేసింది. మా ఊళ్లో దీన్ని వివరించడం తేలిక. రింగురోడ్డు పక్కన ప్లాటు కొని రెండేళ్లు అటు పోకపోతే ఏమవుతుంది? పక్కవాళ్ల కంచె జరుగుతుంది. మనం తిరిగి వచ్చేసరికి రాళ్లుండవు. ఆమెకు ఈ మాట చెప్పగానే అందింది, వాళ్ల బంధువులకు అలాంటి తగాదానే ఉందట.

కాబట్టి అప్పుడప్పుడూ వెళ్లి కనబడాలి. స్వీడన్‌లోని మాల్మోలో గోరన్ లుండ్‌బోర్గ్, బిర్గిట్టా రోసేన్ ఈ తొలిదశ శిక్షణ మీద పనిచేశారు. అద్దం నిలువుగా పెట్టి, కుడిచెయ్యి దాని వెనక, ఎడమచెయ్యి ముందు. ఎడమ చూపుడువేలిని తాకుతూ, అద్దంలో కనిపించేది కుడివేలని అనుకుంటూ చూడాలి. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు. ఇంట్లో దువ్వుకునే అద్దమే సరిపోయింది. దీనివల్లే ఫలితం వచ్చిందని ఒక్క కేసుతో నేను తేల్చలేను. ఖర్చు లేదు, నష్టం లేదు, ఎదురుచూసే నెలల్లో ఆమెకు ఆ వేళ్లతో సంబంధం తెగకుండా ఉంచింది. అందుకే చేయించాను.

ఏడో నెల: స్పర్శ వచ్చింది, అర్థం రాలేదు

వేలి కొసలకు ముందు గుండుసూది గుచ్చుడు తెలిసింది. తర్వాత కంపనాన్ని పరీక్షించే 30 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, తర్వాత కదిలే తాకిడి, ఆ తర్వాత నిలకడ తాకిడి. 256 హెర్ట్జ్ ఫోర్కు అన్నిటికంటే చివర. తిరిగి వచ్చే వరస మామూలుగా ఇంతే. ఏడో నెల ముగిసేసరికి చూపుడువేలికి నీలం ఫిలమెంటు తెలిసింది. ఇంట్లో సంబరం.

కానీ కళ్లు మూసి చూపుడువేలు తాకితే మధ్యవేలు అంది. మధ్యవేలు తాకితే "బొటనవేలు కింద" అంది. రెండు మొనల మధ్య ఎడం పన్నెండు మిల్లీమీటర్లు దాటితే గాని రెండని తెలియదు, బాగున్న వేలికైతే ఆరు లోపే తెలియాలి. తాళంచెవి చేతిలో పెడితే "ఏదో ఉంది" అంతే.

గాలివానకు స్తంభం కూలి, మళ్లీ తీగలు కట్టినప్పుడు ఒకరి తీగ ఇంకొకరి ఇంటికి తగిలితే మన స్విచ్ వేస్తే పక్కింట్లో బల్బు వెలుగుతుంది. మొలకలు గొట్టాల్లోకి పాకినప్పుడూ అదే జరుగుతుంది. చూపుడువేలికి పోవాల్సినవి కొన్ని మధ్యవేలికి చేరాయి. నరాన్ని ఇక మార్చలేం. కొత్త వైరింగును మెదడు నేర్చుకోవాలి.

దానికి అందరం వాడే పెట్టె నా దగ్గరుంది. గరుకు కాగితాలు, చెక్క ఆకారాలు, నాణేలు, బొత్తాలు, తాళంచెవులు. చూసి తాకు, కళ్లు మూసి తాకు, మళ్లీ చూసి సరిచూసుకో. ఆరు వారాలు చేయించాను. నాణేల్లో కాస్త మెరుగైంది, మిగతాది అక్కడే ఆగింది. ఇంట్లో చేస్తున్నానని చెప్పింది, చేయడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను గట్టిగా అడిగితే ఆమె గట్టిగానే చెప్పింది: "గీ పైసల్ని కండ్లు మూసి గుర్తువట్టి నేనేం జేసుకోవాలె మేడం? చూసే లెక్కవెడత గదా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పై వారం వచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టి పది తునికాకులు తెమ్మన్నాను.

ఆకు

టేబుల్ మీద ఆకులు పరిచాం. కళ్లు మూసి కుడిచేతికి ఒకటి ఇచ్చాను. నాణెం ఇస్తే ఒక చోట నొక్కి ఊరుకునే వేళ్లు ఆకు ఇచ్చేసరికి కదలడం మొదలుపెట్టాయి. బొటనవేలు కింద, చూపుడువేలు పైన, ఈనె వెంట కొస దాకా పోయి, తిప్పి, మళ్లీ మొదటికి వచ్చింది. వెనకవైపు ఈనెలు ఉబ్బి గరుకుగా ఉంటాయి. "ఇది ఎనకకు ఉంది" అంది. సరిగ్గానే చెప్పింది. ఐదింటిలో నాలుగు.

నేను నెలల తరబడి చూస్తున్న చెయ్యి అది. ఆ కదలికను మొదటిసారి చూశాను.

వేళ్లు కదుపుతూ వెతికితే వచ్చే సమాచారం, నిలబడ్డ వేలి మీద వస్తువు పెడితే రాదు. ఈనె మీద వేలు జారినప్పుడు మైస్నర్ కణికలు ఒక తాళంలో పలుకుతాయి, ఏ వేలు ఎప్పుడు జరిపిందో మెదడుకు తెలుసు కాబట్టి ఆ తాళాన్ని చోటుతో జతచేసుకోగలదు. రెండోది, శ్రద్ధ. వేలి మీద అదే కంపనం ఎన్నిసార్లు ఇచ్చినా, కోతి దాని మీద దృష్టి పెట్టనప్పుడు మెదడు పటం పెద్దగా మారలేదని మెర్జెనిచ్ ప్రయోగాల్లోనే తేలింది. నా నాణేల మీద ఆమెకు దృష్టి లేదు. ఆకు మీద ముప్పై ఏళ్ల దృష్టి ఉంది. తునికాకు ఎలా ఉండాలో ఆమె మెదడుకు ముందే తెలుసు. కొత్త తీగల్లో వచ్చే గజిబిజి కబురును ఆ తెలిసినదాంతో సరిపోల్చుకోవచ్చు. నాణెం విషయంలో సరిపోల్చుకోవడానికి ఆమె చేతుల్లో ఏమీ లేదు.

అప్పటి నుంచి పెట్టె మూసేశాను. పాఠం ఆకుతోనే: వెనకా ముందూ, తడీ పొడీ, లేతా ముదురూ, అంచుకు చిరుగు ఉందా లేదా. తర్వాత ఇంటి పనులు. చాటలో బియ్యం పోసి కళ్లు మూసి రాళ్లు, వడ్లగింజలు ఏరడం. దారం పోగు ఒకటా రెండా. ప్రతిసారీ ముందు ఎడమచెయ్యి చూస్తుంది, తర్వాత కుడిది.

పట్టు ఇంకో సమస్య. ఆమె ఆకును నలిపేస్తోంది. 1984లో జొహాన్సన్, వెస్ట్‌లింగ్ చూపించింది ఇదే: బాగున్న వేళ్లు వస్తువు జారిపోకుండా ఎంత కావాలో అంతకు కొంచెం ఎక్కువ పట్టే పడతాయి. జారుడు మొదలైతే సెకనులో పదోవంతు కూడా కాకముందే బిగువు పెరుగుతుంది. వేళ్లు మొద్దుబారితే ఆ లెక్క పోతుంది, మనిషి అవసరాన్ని మించి బిగబడతాడు. పట్టు పెంచే స్పాంజి బంతి అప్పటిదాకా రోజూ చేయిస్తున్నాను, దాన్ని మాన్పించాను. ఆమెకు కావాల్సింది బలం కాదు, వదలడం. ఆకును జారిపోయేదాకా మెల్లగా వదిలి, జారే క్షణంలో పట్టుకోవడం ఆటలా చేయించాం. కొలత కూడా దానితోనే: ఇరవై ముక్కలు కళ్లు మూసి చుడితే ఎన్ని చిరిగాయి? మొదటి వారం పదమూడు. మూడు నెలలకు నాలుగు.

క్లినిక్‌లో తంబాకు వాడలేదు, ఎండిన పుదీనా ఆకు నలిపి వాడాం. పొగాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తులకు మంచిది కాదని నాకు తెలుసు. మళ్లీ ఆ పనికే ఎందుకు తయారుచేస్తున్నావని ఇంట్లో నన్నూ అడిగారు. వేరే పని చూపించగలిగితే చూపించేదాన్ని. ఇంట్లో కూర్చుని, తన పేరు మీద పీఎఫ్ ఉండే పని ఆమెకు అదొక్కటే. ఆ నిర్ణయం ఆమెది. మూతికి గుడ్డ, గాలి ఆడే చోటు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం వరకు నేను చెప్పగలిగాను.

ఏడాది తర్వాత

బొటనవేలు, చూపుడువేలుకు రెండు మొనల ఎడం ఎనిమిది మిల్లీమీటర్లకు వచ్చింది. మధ్యవేలు పన్నెండు దగ్గరే ఉంది, ఇప్పటికీ అప్పుడప్పుడూ పక్కవేలితో కలిసిపోతుంది. రోజుకు నాలుగు వందల యాభై దాకా చేస్తోంది, పాత లెక్కలో సగం పైచిలుకు. ఆమె సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం ఒకటుంది: చుట్టడం అయ్యాక బీడీని ఉంగరపు వేలి చిటికెనవేలి వైపు అంచు మీద ఒకసారి దొర్లిస్తుంది. ఆ అంచు అల్నార్ అనే వేరే నరానిది, దానికి దెబ్బ తగలలేదు. వదులుగా ఉంటే అక్కడ తెలిసిపోతుంది. నేను నేర్పలేదు, నాకు తట్టలేదు కూడా.

చలికి మాత్రం మందు దొరకలేదు. డిసెంబరు పొద్దున చన్నీళ్లు తగిలితే వేళ్లు నీలిగా మారి గుంజుతాయి. నరం తెగినవాళ్లలో ఇది చాలాకాలం ఉంటుంది. ఉన్ని చేతితొడుగు, గోరువెచ్చని నీళ్లు, తడి ఆకును కాస్త ఎండ తగిలాక ముట్టుకోవడం. అంతవరకే చేయగలిగాం.

ఇప్పుడు నా దగ్గరికి ఏ చెయ్యి వచ్చినా మొదటి రోజే అడుగుతున్నాను: చూడకుండా ఏం చేసేవాళ్లు? దర్రీ నేసే అతను పోగు అన్నాడు. టైలరు గుడ్డ అడుగు పొర జరగడం అన్నాడు. ఒకామె జడ అల్లడం అంది. దాన్నే తెమ్మంటున్నాను. మంట ఉన్న చేతిని ముందు నేను తాకడం మానేశాను. ఫిలమెంట్ల పరీక్ష మానలేదు, కానీ నీలం తెలిసిందంటే చెయ్యి వచ్చిందని ఇంట్లోవాళ్లతో అనడం లేదు.

చివరిసారి వచ్చినప్పుడు రెండు మూటల ఆకు తెచ్చింది. ఒకటి ముందురోజు పొద్దున నానబెట్టింది, ఒకటి రాత్రి. కలిపేసి, కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే అందించాను. బొటనవేలు ఈనె మీద ఆగింది. "ఇది పొద్దుగాల్లది మేడం. ఈనె మెత్తవడ్డది." పక్కన పెట్టింది. ఎనిమిదింటిలో ఏడు సరిగ్గా చెప్పింది. తర్వాత అవే ఆకులు నేను కళ్లు మూసుకుని పట్టుకుని చూశాను. రెండు మూటలకూ తేడా నాకు తెలియలేదు.